ఒకటో నంబరు ఇంటి ఖాళీ గడి

గోడాదరా, సూరత్
9 నవంబర్ 2025, ఆదివారం

బిడ్డ ప్రసన్నకు అత్త జమున దీవెనలు.

ఇక్కడ అందరం బాగున్నాం, మీ మామ ఎడమ చెవి తప్ప. ముప్పై ఏళ్ళు సాంచాల మీద బట్ట నేసిన చప్పుడుకు అది పూర్తిగా పోయిందని డాక్టరు తేల్చాడు. "మంచిదే. ఇగ నువ్వు ఆ పక్కనే కూసో" అన్నాడు నాతో. ముందునుంచీ మాటలకు తక్కువ లేదు.

మొన్న నువ్వు ఫోన్లో చెప్పిందాంట్లో సగం ఎదురింటి సాంచాల చప్పుడులో పోయింది. మిగిలిన సగం నా తలకెక్కలేదు. అందుకే ఉత్తరం రాయమన్నాను. కాగితం మీదుంటే మళ్ళీ చూసుకోవచ్చు. నీ ఉత్తరం గురువారం అందింది. రెండుసార్లు చదివాను. అర్థమైనంత కింద రాస్తున్నాను, తప్పుంటే దిద్దు.

మీ కాలేజీలో ఎకనామిక్స్ తీసుకున్న పిల్లలు పదకొండు మందే. బోర్డు మీద గీతలు గీసి చెబుతుంటే వాళ్ళకు ఆవలింతలు. ఫిబ్రవరి 20న యూనివర్సిటీ నుంచి కమిటీ వచ్చి నీ క్లాసులో కూర్చుంటుంది. వాళ్ళకు నచ్చకపోతే వచ్చే ఏడు ఆ గ్రూపు ఎత్తేస్తారు, నీ కొలువూ అంతటితో సరి. అందుకని నువ్వు కొత్త పద్ధతి నేర్చుకొచ్చావు. కంప్యూటర్లో చిన్న చిన్న మనుషులను చేసి, ఒక్కొక్కరికి ఒక్కో బుద్ధి పెట్టి వదిలేస్తావు. పైనుంచి ఎవరూ నడిపించరు. వాళ్ళే కొంటారు, దాచుకుంటారు, కొట్లాడుకుంటారు. నెల తిరిగేసరికి ఆ ఊరు ఏమైందో పిల్లలు కళ్ళారా చూస్తారు. ఉన్నది తక్కువైనప్పుడు మనుషులు ఏం చేస్తారో చూడటమే ఎకనామిక్స్ అని రాశావు. అదే నిజమైతే నేనూ ఆ చదువు కొంత చదివినట్టే.

నా నీళ్ళ పుస్తకం దానికెట్లా పనికొస్తుందో తెలియదు గానీ పంపుతున్నాను. జిరాక్స్ 112 పేజీలు. చదవడానికి వీలుగా మన బిల్డింగు పద్ధతి చెబుతాను. నువ్వు ఇక్కడ చదువుకున్న మూడేళ్ళలో చూశావు గానీ, పిల్లవి, పట్టించుకుని ఉండవు.

పన్నెండు ఇళ్ళు. బోరు నీళ్ళు ఉప్పన. బట్టలకు, స్నానాలకు అవే. తాగడానికి, వంటకు కార్పొరేషన్ మంచినీళ్ళు తెల్లవారుజామున కింద సంపులోకి వస్తాయి. సంపు నిండితే నలభై ఎనిమిది బిందెలు. పది ఇళ్ళకు నాలుగేసి. ఏడో నంబరు ఇంటికి ఐదు. నల్లా పెట్టెకు తాళం ఉంటుంది. తాళంచెవి 2013 నుంచి నా దగ్గరే. పగటి పాళీకి పోయేవాళ్ళ ఇళ్ళు ముందు పట్టుకుంటాయి, డబ్బాలు కట్టాలి కనుక. రాత్రి పాళీ వాళ్ళ ఇళ్ళు తరువాత. పదిహేను రోజులకోసారి పాళీ మారితే వరుస కూడా మారుతుంది. పుస్తకంలో వరుస తలకిందులైందని కంగారు పడకు.

పంపింది 2017 మే ఒకటి నుంచి. అంతకు ముందు పుస్తకం చెదలు తిన్నది.

వేళకు తిను. చలికాలం ఒంటికి నూనె రాసుకో, నీ చర్మం సంగతి నీకు తెలుసు.

నీ అత్త,
జమున

---

సిరిసిల్ల
26 నవంబర్ 2025

అత్తా,

నీ పార్సిల్ విప్పినప్పుడు నా పదకొండు మందీ బల్ల చుట్టూ మూగారు. నువ్వు స్కేలు పెట్టి గీసిన గడులు చూసి ఒకడు "మేడం, ఈమెను మన ఆఫీసుల పెట్టాలె" అన్నాడు. ఎనిమిదేళ్ళు ఒక్కరోజు వదలకుండా! ఇంత మంచి లెక్క ఏ పరిశోధకుడికీ దొరకదు. నీకు ఎట్లా థాంక్స్ చెప్పాలో తెలియడం లేదు.

ఏం చేశామో చెబుతాను. తెర మీద పన్నెండు చుక్కలు. ఒక్కో చుక్క ఒక ఇల్లు. పేర్లు లేవు, నంబర్లే. ప్రతి ఇంటికీ ఒకే బుద్ధి పెట్టాం: రోజూ నాకు కావలసినన్ని బిందెలు పట్టుకుంటాను, నిన్న నా వంతు వచ్చేసరికి నీళ్ళు అయిపోతే, ఇవాళ భయంతో ఒక బిందె ఎక్కువ పట్టుకుంటాను. అంతే. మనుషులు అట్లాగే చేస్తారు కదా.

ఆడించాం. తొమ్మిదో రోజుకు సంపు దగ్గర అల్లకల్లోలం. కింది ఇళ్ళు ఎనిమిదేసి బిందెలు దాచుకుంటున్నాయి, మూడో అంతస్తుకు చుక్క లేదు. మళ్ళీ ఆడించాం. మళ్ళీ తొమ్మిదో రోజే. పిల్లలకు మాత్రం పండగ. క్లాసు అయిపోయినా లేవడం లేదు.

నీ పుస్తకంలో రెండు లోపాలు కనిపించాయి, ఏమనుకోకు. ఒకటో నంబరు గడి మొదటినుంచీ చివరిదాకా ఖాళీ. అది మీ ఇల్లే కదా? రాయడం మరిచిపోయి ఉంటావని నేనే అందరిలాగా నాలుగు వేశాను. తాళంచెవి ఉన్నది కనుక అందరికన్నా ముందు పట్టుకునేట్టు పెట్టాను.

రెండోది, ఏడో నంబరు. మే నెలలో అందరిలాగే నాలుగు. 2017 జూన్ 19 నుంచి ఉన్నట్టుండి ఐదు! ఎవరూ పెంచలేదు, ఆ ఒక్క ఇల్లే పెంచింది. కొంప ముంచింది వాళ్ళేనని పిల్లలు తేల్చేశారు. ఆ చుక్కకు ఎర్ర రంగు వేసి "బిందెల దొరసాని" అని పేరు పెట్టారు. స్వార్థం అంటే ఏమిటో చెప్పడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ దొరకదు.

మామకు చెప్పు, చెవి మిషన్ పెట్టుకోమని.

నీ ప్రసన్న

---

గోడాదరా
10 డిసెంబర్ 2025

ప్రసన్నకు,

ఈ ఉత్తరం రాయడానికి మూడు రోజులు ఆగాను. కోపంలో రాస్తే తప్పులు పోతాయి.

మొదటిది. నా పుస్తకంలో మరిచిపోవడం ఉండదు. మీ మామకు జ్వరం వచ్చి ఆస్పత్రిలో ఉన్న ఆరు రోజులు కూడా తెల్లవారుజామున ఆటోలో వచ్చి నల్లా విప్పి, రాసి, మళ్ళీ పోయాను.

రెండవది. పన్నెండేళ్ళలో ఒక్కరోజు కూడా పై అంతస్తుకు నీళ్ళు తప్పలేదు. మీ కంప్యూటర్లో తొమ్మిదో రోజుకే ఎండిపోతే అది మీ కంప్యూటర్ తప్పు, మా సంపు తప్పు కాదు.

మూడవది చెప్పాలంటే చేయి రావడం లేదు. నీ ఉత్తరం మీ మామకు చదివి వినిపించాను. ఆయన చెవి వినపడదు గానీ "బిందెల దొరసాని" మాత్రం బాగా వినపడింది. చాయ్ బండి దగ్గర నలుగురిలో ఏడో నంబరు భూమయ్యతో అన్నాడట, "ఏం భూమన్నా, మీ ఇంటామె సిరిసిల్ల కంప్యూటర్ల దొరసాని అయిందట గదా!" నవ్వులాటకే అన్నాడు. భూమయ్య ఇంటికి పోయి పెళ్ళాంతో అన్నాడు. ఆ పెళ్ళాం మన వజ్రమ్మ. యాదికుందా? పెద్ద గొంతు, ముక్కుకు రెండు పక్కలా పుడకలు.

తెల్లారి నల్లా దగ్గర పన్నెండు ఇళ్ళ ముందు అడిగింది.

"జమునక్కా, నేను నీళ్ళ దొంగనని కాయితం రాసి పంపినవట?"

"నేనేం రాయలే వజ్రమ్మా. అంకెలు పంపిన."

"అంకెలకు నోరుంటదా? నువ్వు చెప్తెనే గదా ఆ పిల్ల నాకు ఎర్ర రంగు పూసింది! మా ఇంట్ల ఏడుగురం. ఐదు బిందెలు కడుపుకు తాగుతున్నమా, కాళ్ళు కడుగుతున్నమా, వచ్చి సూడు!"

"జర నెమ్మది..."

"ఎందుకు నెమ్మది? దొరసానిని గదా! దొరసాని ఎన్ని పడ్తదో సూడు ఇయ్యాల."

ఏడు బిందెలు పట్టింది. నేను తాళం వేయలేకపోయాను. మరునాడు మూడో నంబరు భాగీరథి, "ఆమె ఏడు పడితే మేమేం పాపం చేసినం" అని ఆరు పట్టింది. ఆ తరువాత ఎవరి ఇష్టం వారిది. డిసెంబర్ 6, శనివారం, పై అంతస్తులో మనవరాలితో ఉండే కనకవ్వ రెండు ఖాళీ బిందెలతో కిందికి దిగి, రెండు ఖాళీ బిందెలతో పైకి ఎక్కింది. డెబ్బై ఏళ్ళ మోకాళ్ళతో. నన్ను ఒక్క మాట అనలేదు. పుస్తకంలో ఆమె గడిలో సున్నా రాశాను. ఈ పుస్తకంలో అదే మొదటి సున్నా.

నీ తెర మీద జరిగింది మా వాకిట్లో జరుగుతోంది బిడ్డా. ఇప్పుడు అందరూ తాళంచెవి ఇచ్చెయ్యమంటున్నారు.

ఇక్కడ పోంక్ కాలం వచ్చింది. పచ్చి జొన్న గింజలు నీకు ఇష్టమని ఏటా ఒక పొట్లం పంపేదాన్ని. ఈసారి మనసు లేదు.

జమున

---

సిరిసిల్ల
20 డిసెంబర్ 2025

అత్తా,

నీ ఉత్తరం స్టాఫ్ రూములో చదివి, ఆ పూట క్లాసుకు పోలేకపోయాను. నన్ను క్షమించమని అడగడం కూడా చిన్నమాటే. మీ వాకిట్లో నిప్పు పెట్టింది నేను. ఎర్ర రంగు తీసేశాం. ఆ పేరు ఎవరూ పలకడం లేదు. వజ్రమ్మత్తకు నేనే ఫోన్ చేస్తే ఎత్తి, "రాంగ్ నంబర్" అని పెట్టేసింది. గొంతు గుర్తుపట్టాను.

కమిటీకి పాత గీతల పాఠమే చెబుతాను. పోతే పోనీ. నీ బిల్డింగు కన్నా నా కొలువు ఎక్కువ కాదు.

ఈ మాటే పిల్లలతో అన్నాను. సంగీత అని ఒక అమ్మాయి, ఎప్పుడూ వెనక బెంచీ, నోరు విప్పదు. వాళ్ళమ్మ బీడీలు చేస్తుంది. ఆ అమ్మాయి లేచి అడిగింది: "మేడం, పన్నెండేళ్ళు నిజంగానే నీళ్ళు తప్పలేదంటే మనమే ఏదో తప్పు పెట్టినం. తాళంచెవి ఉన్నామె ముందు పట్టుకుంటదని మనకెవరు చెప్పిన్రు?"

ఎవరూ చెప్పలేదు. నేనే అనుకున్నాను.

కాబట్టి రెండే రెండు ప్రశ్నలు. జవాబు ఇయ్యాలనిపిస్తేనే ఇవ్వు. ఒకటో నంబరు గడి ఎందుకు ఖాళీ? 2017 జూన్‌కు ముందు ఏడో ఇంటి ఐదో బిందె ఎక్కడికి పోయింది? వాళ్ళ వంతు ఐదు అని నువ్వే రాశావు.

ప్రసన్న

---

గోడాదరా
2 జనవరి 2026, శుక్రవారం

బిడ్డా ప్రసన్నా,

నీ రెండో ప్రశ్న చదవగానే కనిపెట్టేసిందనుకున్నాను. తరువాత మళ్ళీ చదివితే, నీకేమీ తెలియదని, తెలియకనే అడిగావని అర్థమైంది. అయినా ఇక దాచను.

ముందు పుస్తకాన్ని చెదలు తినలేదు. నా ట్రంకు పెట్టెలో పట్టుచీర కింద ఉంది. అబద్ధం రాశాను. ఈ ఉత్తరంతో పాటు అసలు పుస్తకమే రిజిస్టర్ పోస్టులో పంపుతున్నాను, జిరాక్స్ కాదు.

మొదటి ప్రశ్నకు జవాబు చిన్నది. 2013లో కింది ఇంటివాళ్ళు నల్లాకు పైపు పెట్టి గుంజుకుంటే పెద్ద గొడవై, తాళం వేయాలని అందరం అనుకున్నాం. తాళంచెవి ఎవరి దగ్గర ఉండాలన్నదాని మీద ఇంకో గొడవ. అప్పుడు నేను ఒక మాట చెప్పాను. తాళంచెవి ఎవరి దగ్గర ఉంటే వాళ్ళు అందరికన్నా ఆఖరున పట్టుకోవాలి. ఆ మాట వినగానే తాళంచెవి కోసం కొట్లాట ఆగిపోయింది. ఎవరికీ అక్కరలేకపోయింది, నాకే వచ్చింది. నా గడి ఖాళీ అందుకే. పట్టుకున్నవాళ్ళ లెక్క రాస్తాం. మిగిలింది రాసేదేముంది? సంపు నిండితే మూడు మిగులుతాయి. ఎండాకాలం ఒకటి. ఒక్కోసారి అదీ ఉండదు, అప్పుడు మీ మామ సాంచాల షెడ్డు నుంచి క్యాన్ మోసుకొస్తాడు. ఇది నీకు చెప్పాలని కూడా తోచలేదు. అన్నం చేత్తో తింటామని ఎవరైనా రాస్తారా?

రెండోది పెద్దది.

2014 జూన్‌లో మీ అమ్మకు వెన్ను ఆపరేషన్ అయితే మీ నాన్న నిన్ను తెచ్చి నా దగ్గర దింపాడు. నీకు పదమూడేళ్ళు. తెలుగు మీడియం మున్సిపల్ బడిలో చేర్పించాం. వారం తిరక్కముందే బోరు నీళ్ళ స్నానానికి నీ ఒళ్ళంతా దద్దుర్లు లేచాయి. గోక్కుని గోక్కుని రక్తాలు. మంచినీళ్ళతోనే పొయ్యాలని డాక్టరు చెప్పాడు. రోజుకు ఒక బిందె ఎక్కడ తేను? మాకు మిగిలేది మూడు, వంటకే చాలవు. పైగా నాకు దొరికేది ఆఖరున, ఏడున్నరకు. నీ బడి ఏడింటికి.

నల్లా దగ్గర ఎవరితోనూ అనలేదు. కానీ నీ చేతులు వజ్రమ్మ చూసింది. "ఆ పిల్ల గోక్కుంటుంటె సూడబుద్ధి అయితలేదక్కా. మా ఐదుల ఒకటి తీస్కో. నాలుగుతో సరిపెడ్త" అన్నది. ఆమె అత్త అప్పుడు మంచంలో ఉంది, ఇంట్లో ఇద్దరు చిన్నపిల్లలు. అయినా ఇచ్చింది. ఒక్క రోజు కాదు. నువ్వు పదో తరగతి పరీక్షలు రాసి పోయేదాకా. సెలవులు తీసి లెక్కపెట్టాను, ఎనిమిది వందల నలభై మూడు బిందెలు. నువ్వు పోయాక కూడా ఏడు వారాలు నాలుగే పట్టింది. అడగడానికి మొహమాటం. జూన్ 19న నేనే, "ఇగ నీ బిందె నువ్వు పట్టుకో" అన్నాను. మీ పిల్లలు ఎర్ర రంగు పూసింది ఆ బిందెకే.

ఇందులో నా తప్పు ఉంది. వజ్రమ్మ ఇచ్చిన బిందె ఆమె వంతులో కాక, అందరికన్నా ముందు, తెల్లవారుజామున ఐదున్నరకే ఎవరూ దిగకముందు సంపు మూత తీసి పట్టేదాన్ని. తాళం ఉన్నది ఆఖరున పట్టాలన్న మాట నాది. మూడేళ్ళు దాన్ని తప్పింది నేనే. మిగతా పది ఇళ్ళకు చెప్పలేదు. చెబితే తాళంచెవి పోతుందని భయం. రోజూ పుస్తకంలో మాత్రం రాశాను. 1 అని, ఒకటో గడిలో. అబద్ధం రాయలేక రాశాను, చూపించలేక దాచాను.

నిన్న జనవరి ఒకటి. నల్లా దగ్గర పుస్తకం విప్పి అందరి ముందూ చదివాను. తారీఖులతో సహా. చదివి, తాళంచెవి సంపు మూత మీద పెట్టి, "ఎవరికి ఇస్తరో మీ ఇష్టం" అన్నాను.

మొదట నోరు తెరిచింది భాగీరథి. "కొత్త సంగతేమన్న చెప్పు వదినా. రోజూ ఐదున్నరకు సంపు మూత గర్రుమంటది. చెవులు పోయింది మా మగోళ్ళకు గానీ మాకు కాదు."

కనకవ్వ, "పిల్లకు పోస్తున్నవని అందరికి ఎరికనే. ఎవలన్న అడిగిన్రా?" అన్నది.

పదకొండు ఇళ్ళకూ తెలుసు, మూడేళ్ళు. తెలిసి ఊరుకున్నారు. తెలియదనుకున్నది నేనొక్కదాన్నే.

వజ్రమ్మ పుస్తకం లాక్కుని చూసింది. ఆమెకు అక్షరాలు రావు, అంకెలు వస్తాయి. తన గడిలో నాలుగు, నాలుగు, నాలుగు, వేలు పెట్టి పేజీలు తిప్పింది. "గిన్ని దినాలు ఇచ్చిన్నా నేను? నాకు యాదికే లేదు" అన్నది. తరువాత ముక్కు చీది, "ఇదేదో ముందే చదివితే అయిపోవు గదా! నెలరోజుల సంది ఏడేసి బిందెలు మోసి నా నడుము పోయింది" అని తిట్టి, తాళంచెవి మళ్ళీ నా చేతిలోనే పెట్టింది.

ఈ రోజు ఐదే పట్టింది. భాగీరథి నాలుగు. కనకవ్వకు నాలుగూ అందాయి.

నీ పాఠం మానుకోకు. పాత గీతలు చెప్పకు. ఈ పుస్తకం పట్టుకుపో. పోంక్ పొట్లం కూడా పెట్టాను, ఆరకముందే తిను.

నీ అత్త,
జమున

---

సిరిసిల్ల
22 ఫిబ్రవరి 2026

అత్తా,

ముందు ఫలితం చెబుతాను, లేకపోతే మిగతాది నువ్వు కంగారుతో చదువుతావు. గ్రూపు ఉంటుంది. ఇంకో మూడేళ్ళు ఖాయం. నా కొలువూ ఉంటుంది.

ఇక మొదటినుంచి. కమిటీలో ముగ్గురు. మొదట పాత ఆటే ఆడించాను, తాళంచెవి ఉన్న ఇల్లు ముందు పట్టుకునేది. పన్నెండు ఇళ్ళు, నలభై తొమ్మిది బిందెల అవసరం, సంపులో నలభై ఎనిమిది. తక్కువైంది ఒక్క బిందె. ఆ ఒక్క బిందె ఆఖరి ఇంటికి తగ్గింది. మరునాడు వాళ్ళు భయంతో ఒకటి ఎక్కువ పట్టారు. దాంతో ఇంకో ఇంటికి తగ్గింది. వాళ్ళూ భయపడ్డారు. తొమ్మిదో రోజుకు అంతా ఎండిపోయింది.

"ఏం మార్చాలి?" అని వాళ్ళనే అడిగాను. ఒకాయన ఇంకో సంపు కట్టాలన్నారు. ఒకామె బిందెకింత అని ధర పెట్టాలన్నారు. మూడో ఆయన కాపలా మనిషిని పెట్టాలన్నారు. అన్నీ ఆడించి చూపించాను. ఒక్కోదానికి ఒక్కో మంచి, ఒక్కో చెడు.

అప్పుడు సంగీత వచ్చి ఒకే ఒక్క వరుస మార్చింది. తాళంచెవి ఉన్న ఇల్లు ఆఖరున పడుతుంది, తక్కువ పడినా మరునాడు ఎక్కువ అడగదు. నీళ్ళు అవే. ఇళ్ళు అవే. నెల గడిచింది. సంవత్సరం గడిచింది. ఎవరూ భయపడలేదు.

కమిటీ పెద్దాయన అన్నారు, "బాగుందమ్మా. కానీ అట్లాంటి మనిషి కథల్లో ఉంటుంది. లెక్కలో ఎట్లా వేస్తావు?"

సంగీత నీ ఎనిమిదేళ్ళ జిరాక్స్ కట్ట రెండు చేతులతో ఎత్తి చూపించింది. "కథ కాదు సార్. గడి ఖాళీగ ఉంది సూడండి."

ఒక్క బిల్డింగు చూసి లోకమంతా ఇంతేనని నేను చెప్పలేదు. నువ్వైనా ఒప్పుకోవు. కానీ ఆ రోజు నాకు అర్థమైంది ఇది. కొరత అంటురోగం లాంటిది. ఒకరి భయం పక్కవాళ్ళకు అంటుకుంటూ పోతుంది. మీ బిల్డింగులో అది రోజూ బయలుదేరేది. రోజూ నీ గడప దాకా వచ్చి ఆగిపోయేది. నువ్వు దాన్ని ఎవరికీ ఇవ్వలేదు.

అత్తా, ఆ మూడేళ్ళు రోజూ పొద్దున నా నెత్తిన పోసిన నీళ్ళు ఎవరివో నేనెప్పుడూ అడగలేదు. నల్లాలోంచి వస్తున్నాయనుకున్నాను. వజ్రమ్మత్తవి. పది ఇళ్ళవాళ్ళ మౌనానివి. నీ భయానివి. నీ పుస్తకంలో ఒకటో గడిలో ఉన్న ఆ ఒకట్లన్నీ నేనే. 843 నేనూ లెక్కపెట్టాను, సరిపోయింది.

పదకొండు మందికీ పరీక్షలో ఒక ప్రశ్న ఇస్తున్నాను: "ఖాళీ గడిలో సున్నా అని గానీ, నాలుగు అని గానీ వేసేముందు ఎవరిని అడగాలి?"

వజ్రమ్మత్తకు ఈ ఉత్తరం చదివి వినిపించు. ఆమె ఫోన్ ఎత్తడం లేదు.

నీ ప్రసన్న

---

గోడాదరా
8 మార్చి 2026, ఆదివారం

బిడ్డ ప్రసన్నకు అత్త, మామ, పన్నెండు ఇళ్ళ దీవెనలు.

నీ ఉత్తరం నల్లా దగ్గర చదివాను. నీళ్ళు పట్టడం అయ్యాక చదివాను, మధ్యలో చదివితే బిందెలు పొర్లుతాయి. గ్రూపు ఉంటుందన్న వాక్యం దగ్గర కనకవ్వ చప్పట్లు కొట్టింది. గ్రూపంటే ఏమిటో ఆమెకు తెలియదు. నీ కొలువు నిలబడిందని తెలిసింది, అది చాలు.

వజ్రమ్మ అంతా విని, "కమిటీవాళ్ళు నన్ను ఏ రంగుల చూసిన్రట?" అని అడిగింది. నువ్వు రాయలేదని చెప్పాను. "ఆకుపచ్చ పెట్టుమను. నా కొత్త చీర రంగు" అన్నది. పెట్టు. ఆమె ఇకపై ఫోన్ ఎత్తుతుంది. రెండుసార్లు మోగనిచ్చి ఎత్తుతుంది, అది ఆమె మర్యాద.

సంగీత అనే ఆ అమ్మాయికి నేను అడిగినట్టు చెప్పు. పన్నెండేళ్ళుగా నా కళ్ళ ముందున్న దాన్ని నాకే చూపించింది. వాళ్ళమ్మకు కూడా నా మాటగా చెప్పు, బిడ్డను మంచిగా పెంచిందని.

ఇంకో సంగతి. పోయిన నెలాఖరు రోజు పొద్దున నేను తాళం తీయగానే వజ్రమ్మ నా బిందె లాక్కుని నల్లా కింద పెట్టింది. "ఇయ్యాల నువ్వు ముందు" అన్నది. నేను వద్దన్నాను. పద్ధతి కాదన్నాను. "పద్ధతి ఏందో ఆ ఉత్తరంల మేము గూడ ఇన్నం. తాళం ఉన్నామె ఆఖరుకు పట్టాలె. రేపటి సంది తాళం నా దగ్గర ఉంటది. నెలకొక ఇల్లు. అందరం మాట్లాడుకున్నం. నీకు చెప్పలే" అన్నది. వాళ్ళు కూడా నాకు చెప్పకుండా ఒక పని చేయగలరని చూపించారు.

నాలుగు బిందెలు పట్టాను. అందరికన్నా ముందు, అందరూ చూస్తుండగా. ఇంటికి వచ్చి ఏం చేయాలో తోచలేదు. నాలుగో బిందె వాడకం నాకు అలవాటు లేదు. మధ్యాహ్నం దాకా అట్లాగే మూతపెట్టి ఉంచాను. మీ మామ, "తాగవా, తాళం ఏస్తవా?" అన్నాడు. చివరకు దానితో తలస్నానం చేశాను. మంచినీళ్ళకు వెంట్రుకలు ఎంత మెత్తగా ఉంటాయో మరిచిపోయాను బిడ్డా. నీ జడ వేసేటప్పుడు చేతికి తెలిసేది.

పుస్తకం మాత్రం నా దగ్గరే ఉంచారు. నా చేతిరాతే కావాలట. ఈ నెల ఒకటో నంబరు గడిలో రోజూ నాలుగు రాస్తున్నాను.

ఏడో నంబరు గడి దగ్గర మొదటి రోజే పెన్సిల్ పట్టుకుని ఆగాను. వజ్రమ్మ ఆఖరున పట్టుకుని, బిందెలు చంకకెత్తుకుని పోతోంది. "ఎన్ని పట్టినవు వజ్రమ్మా, రాసుకోవాలె" అన్నాను.

వెనక్కి తిరగకుండానే అన్నది, "మిగిలింది రాసేదేముంది?"

గడి ఖాళీగా వదిలేశాను.

నీ అత్త,
జమున